పిల్లలతో భాగ్యనగరమున రెండుదినములు

పసిబిడ్డల తల్లికి విహారయాత్ర యనగా, ఇంటిపనినంతయు మూటగట్టుకొని మఱియొక యూరికి మోసికొనిపోవుటయే యని మేము పరిహాసముగా ననుకొనుచుందుము. పాలసీసాలు, మార్పుబట్టలు, జ్వరపుమందు, దారిలో తినుటకు మురుకులు, మఱచినచో రాత్రియెల్ల నిద్రపోనీయని గుడ్డబొమ్మ - ఇవన్నియు సర్దునది తల్లియే; తిరిగివచ్చిన పిమ్మట ఉతుకునదియు తల్లియే. నడుమ జరిగిన విహారమున ఆమె చూచిన దేమని యడిగినచో, బిడ్డ మొగమే యని చెప్పవలసివచ్చును. ఈ మాట నిజమే కాని, ఎల్లప్పుడు నిజము కానక్కరలేదని ఈ పుష్యమాసమున మాకు తెలిసినది. ఆ సంగతి సోదరీమణులతో చెప్పుకొనుటకే ఈ నాలుగుమాటలు వ్రాయుచున్నాము.

మాది హనుమకొండ. మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి ఎనిమిదేండ్లు, నడిమివానికి నాలుగేండ్లు, చంటిదానికి పదినెలలు. మా వారి అక్కగారు, అనగా మా వదినెగారు, హైదరాబాదునందు నారాయణగూడలో కాపురమున్నారు. ఒకమారు పిల్లలను తీసికొని రండని ఆమె ఎంతకాలముగానో పిలుచుచున్నారు. శని ఆదివారములు మా వారికి సెలవు. శుక్రవారము సాయంకాలము కాజీపేటలో రైలెక్కి, రాత్రి భోజనముల వేళకు సికిందరాబాదు చేరితిమి.

రైలులోనే మా వారు ఒక కాగితముపై చూడదగినవాని పట్టిక వ్రాసిరి. సాలార్‌జంగు ప్రదర్శనశాల, చార్మినారు, లాడ్‌బజారు, హుస్సేనుసాగరము, బిర్లామందిరము, నక్షత్రశాల, జంతుశాల, గోలకొండ - మొత్తము ఎనిమిది. రెండుదినములకు నాలుగు పూటలు, పూటకు రెండు. లెక్క సరిగానే యున్నది. చంటిదాని నిద్రయు, నడిమివాని యాకలియు మాత్రము ఆ లెక్కలో చేరలేదు. వదినెగారు ఆ పట్టికను చదివి, చిన్నగా నవ్వి, ఏమియు ననక మాకు వడ్డించిరి.

శనివారము ఉదయము నారాయణగూడలో మెట్రోరైలెక్కితిమి. ఈ దారి 2020వ సంవత్సరమున తెఱువబడినది. వీధుల నడుమ స్తంభములపై కట్టిన వంతెనమీద ఈ రైలు పోవును గనుక, ఇండ్ల మేడలు మన కన్నుల కెదురుగా నుండును. ఒక మేడపై నొక యిల్లాలు చీర ఆరవేయుచుండగా మా నడిమివాడు అద్దములోనుండి చేయి యూపినాడు. ఆమె చూచెనో లేదో కాని, వాడు మాత్రము చూచెననియే మురిసెను. రెండవ నిలుపుదల మహాత్మాగాంధి బస్సుస్టేషను. అచ్చట దిగవలసివచ్చినప్పుడు వాడు దిగనని మొండికెత్తెను. వానికి నగరమన్న ఆ రైలే. మా పట్టికలో రైలు లేదు గనుక వానిని ఎత్తుకొని దింపితిమి.

సాలార్‌జంగు ప్రదర్శనశాల మూసీనది యొడ్డున నున్నది. మూడవ సాలార్‌జంగు అయిన మీర్ యూసఫ్ అలీఖాను (1889-1949) వివాహమాడక, తన సంపదనంతయు దేశదేశముల వింతవస్తువులు సేకరించుటకు వెచ్చించెను. ఆయన గతించిన పిదప 1951లో ఆయన నివాసమునందే ఈ సేకరణమును ప్రజలు చూచుటకు తెఱచిరి. 1968లో ఇప్పటి భవనమునకు మార్చిరి. అందు ముసుగు రెబెక్కా యను పాలరాతి ప్రతిమ కలదు. బెంజోనీ యను ఇటలీదేశపు శిల్పి దానిని చెక్కెను. మొదటి సాలార్‌జంగు 1876లో రోమునగరమున కొనెను. మొగముమీది పలుచని వస్త్రము నిజముగా తడిసి అంటుకొన్నట్లే యుండును. ముక్కుతీరు, పెదవులు దాని చాటునుండి కానవచ్చును. మా పెద్దమ్మాయి చాలసేపు చూచి, "ఆ ముసుగు తీస్తే లోపల మొగం ఉంటుందా అమ్మా?" అని యడిగినది. ముసుగును మొగమును ఒకే రాయి యని చెప్పితిమి. అది నమ్మలేదు.

అచ్చటి గడియారమును చూడని బిడ్డ ఆ ప్రదర్శనశాలను చూడనట్లే. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ వారివద్ద కొన్న గడియారమిది. లోపల కమ్మరివాని వలె నున్న యొక బొమ్మ క్షణక్షణమును సుత్తితో కొట్టుచుండును. గంట పూర్తియగు సమయమునకు చిన్న తలుపు తెఱచుకొని, గడ్డపు మనిషి బొమ్మ వెలికివచ్చి, ఎన్ని గంటలో అన్నిమారులు గంటకొట్టి మరల లోపలికి పోవును. దానిని చూచుటకు వందలకొలది జనము ఆ ముంగిట కూర్చుండి కనిపెట్టుకొని యుందురు. మేమును కూర్చుంటిమి. అంతమంది పెద్దవారు ఒక బొమ్మకొఱకు నోరు మెదపక కూర్చుండుట మాకు గడియారముకంటె ఎక్కువ వింతగా తోచినది. పదునొకండు కొట్టినంతసేపును పెద్దమ్మాయి వ్రేళ్లు మడిచి లెక్కించినది, చంటిది ప్రతిదెబ్బకును ఉలికిపడి నవ్వినది, నడిమివాడు "ఆ తాత మళ్లీ ఎప్పుడు వస్తాడు?" అనెను. గంటకు వచ్చునని చెప్పగా, గంటసేపు అచ్చటనే యుందమనెను.

ఉండవలసినది. ఇప్పు డాలోచించినచో, అదియే ఆనాటి పరిపూర్ణమైన దర్శనము. కాని మేము వారిని దంతపు బొమ్మలకడకును, చీనాదేశపు పింగాణికడకును, కత్తులు కఠారులకడకును ఈడ్చుకొనిపోయితిమి. పన్నెండు దాటుసరికి పెద్దదాని కాళ్లు నొచ్చినవి, నడిమివానికి ఆకలియైనది, చంటిది నిద్రకు ఏడ్చినది. అయినను పట్టికలో తరువాతిది చార్మినారు గనుక చార్మినారునకు పోయితిమి.

చార్మినారు 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షాహు కట్టించినది. దాని సొగసు వర్ణించుటకు అప్పుడు మాకు ఓపిక లేదు. చంటిబిడ్డతో ఆ యిరుకుమెట్లు ఎక్కరాదని క్రిందనే చూచి, ప్రక్కనున్న లాడ్‌బజారులో ప్రవేశించితిమి. ఇరువైపులను గాజుల అంగళ్లే. దీపముల వెలుగులో ఆ యద్దపు రాళ్ల తళుకు చూచినచో ఏ స్త్రీకైనను నడక మందగించును, మాకును మందగించినది. ఒక జత గాజులు చేతికి సరిపోవునో లేదో చూచుకొని తలయెత్తుసరికి నడిమివాడు లేడు.

వాని చేయి వారి చేతిలో నున్నదని మే మనుకొంటిమి. మా చేతిలో నున్నదని వా రనుకొనిరి. పేరుపెట్టి పిలిచితిమి. బేరములు, బండ్లు, అమ్మువారి కేకలు - ఆ రొదలో మా పిలుపు మాకే వినబడలేదు. పదిబారల దూరములోనున్న బిడ్డకు తల్లి గొంతు చేరకపోవుట ఎట్టి వెఱపో అనుభవించినవారికే తెలియును. ఎంతసేపు వెదకితిమో చెప్పజాలము. మా వారు అయిదు నిమిషములందురు. మాకది ఒక జాముగా తోచినది.

తుదకు ఒక చిన్న అంగడి అరుగుమీద వాడు బాసిపట్టు వైచికొని కూర్చుండియుండెను. ఎదుట నొక ముసలి పనివాడు లక్కను నిప్పుసెగను మెత్తపఱచి, పలకమీద పొరలించి సన్నని త్రాడువలె చేసి, వలయముగా వంచి, వేడి తగ్గకముందే ఒక్కొక్క రాతిని దానిలో నొక్కుచున్నాడు. ఈ లక్కగాజులకు 2024వ సంవత్సరమున భౌగోళికగుర్తింపు లభించినది. ఆ పెద్దమనిషి మమ్ము చూచి, "మీరు వస్తారనే కూర్చోబెట్టాను" అని మాత్రమనెను. మేము బిడ్డను అక్కున చేర్చుకొని యేడ్చుచుండగా, వాడు వింతగా చూచి, "నేనెక్కడికీ పోలేదమ్మా. మీరే తప్పిపోయారు" అనెను. ఆ మాటకు మావద్ద జవాబు లేకపోయినది. వాడు ఒక పనిని శ్రద్ధగా చూచుటకు ఆగినాడు. ఆగక ముందుకు పోయినవారము మేమే. ఆ పెద్దమనిషివద్ద పెద్దదానికి ఒక జత గాజులు కొని ఇల్లు చేరితిమి. హుస్సేనుసాగరమును, బిర్లామందిరమును పట్టికలోనే యుండిపోయినవి.

ఆ రాత్రి పిల్లలు నిద్రించిన పిదప వదినెగారు ఆ కాగితము తీసి, తమ్ముని ముందు పెట్టి, గోలకొండ యొకటి దక్క తక్కినవన్నియు కొట్టివేసిరి. "రేపు ఒక్కటే చూడండి. అదైనా ఇల్లాలిని కూడా చూడనియ్యి. చంటిది రేపు నీ ఒడిలో ఉంటుంది" అనిరి. పిమ్మట కొంచెమాగి, "నేనీ యూరికి వచ్చి పదహారేళ్లయింది. వచ్చిన చుట్టాలనందరినీ గోలకొండకు తీసికొనిపోయాను. ప్రతిసారీ కింద సంచులు కాచుకొని కూర్చున్నాను గాని ఆ మెట్లు ఇంతవరకు నేనెక్కలేదు" అనిరి. మా వారు తల వంచుకొనిరి. మేమును ఏమియు ననలేకపోతిమి.

ఆదివారము ఎండ ముదురకముందే బయలుదేరితిమి. గోలకొండ మాకు బొత్తిగా పరాయిది కాదు. మా ఓరుగల్లునేలిన కాకతీయుల కాలమున అది మట్టికోట. గొల్లకొండ యను పేరే గోలకొండ యైనదందురు. తరువాత బహమనీలచేతికి పోయి, కుతుబ్‌షాహీల కాలమున రాతికోటయై, మూడు ప్రాకారములతో పెరిగినది. లోపలి ద్వారపు తలుపులకు ఇనుప ములికులు దిగవేసియున్నవి. ఏనుగులు తలలతో తలుపును పడద్రోయకుండుటకు అట్లు చేసిరని చెప్పగా, నడిమివాడు ఆ ములికిని వ్రేలితో తాకి, "పాపం ఏనుగు" అనెను.

ఆ ద్వారము దాటగానే గుమ్మటపు కప్పుగల మండపమొకటి యున్నది. దాని నడుమ నిలిచి చప్పట్లు కొట్టినచో, ఆ ధ్వని చెదరిపోక పైకెగసి, కొండకొననున్న బాలాహిస్సారు మంటపమున వినబడును. శత్రువు వచ్చినను, దూత వచ్చినను పైనున్నవారికి తెలియుటకు ఈ యేర్పాటు. మా వారు చంటిదానిని ఒడిలో నుంచుకొని ఆ చెంతనే నీడలో కూర్చుండిరి. నడిమివాడు మెట్లెక్కననెను గనుక వారి ప్రక్కనే కూర్చుండెను. "చంటిది లేచి ఏడ్చినచో మూడు చప్పట్లు, కొంచెమాగి మఱి రెండు కొట్టెదను. అదివఱకు మీరు రావలదు" అని మా వారు చెప్పిరి. వదినెగారును, పెద్దమ్మాయియు, మేమును కలిసి ముగ్గురు స్త్రీలము రిక్తహస్తములతో కొండ యెక్క నారంభించితిమి. చంకలో బిడ్డ లేక, భుజమున సంచి లేక నడచుట మాకు మొదట తేలికగా గాక, ఏదో మఱచివచ్చినట్లు తోచినది.

మెట్లు మూడువందలకు పైబడియుండును. కొండ యెత్తు నాలుగువందల అడుగుల కొలది. దారిలో రామదాసు చెఱసాల కలదు. భద్రాచలమున రామాలయము కట్టించుటకు సర్కారు పన్ను సొమ్ము వెచ్చించెనని తానీషా కంచెర్ల గోపన్నను ఇచ్చట బంధించెను. పండ్రెండేండ్లని వాడుక. గోడమీది దేవతామూర్తులను ఆయనయే మలచెనందురు. వెలుతురు దూఱు కన్నము చూచి పెద్దమ్మాయి మాటలాడక మా చేయి పట్టుకొన్నది. మఱికొంత దూరమున గోడలలో పొదిగిన మట్టిగొట్టములు కనబడినవి. క్రింది చెఱువునుండి నీటిని యంత్రపు చక్రములతో అంచెలంచెలుగా పై తొట్లలోనికి చేది, ఈ గొట్టములద్వారా రాణివాసములకును, తోటలకును పాఱించెడివారట. "కొండమీదికి నీరు తెచ్చారు, మా మూడవ అంతస్తుకు తేలేకున్నారు" అని వదినెగారు అనగా, అలసట మఱచి నవ్వితిమి. పైకి చేరువలో జగదంబ ఆలయమున్నది. ఏటేట ఆషాఢమాసమున నగరమందలి బోనాల పండుగ ఇచ్చటనే మొదలగును.

చప్పట్లు దారిపొడవునను వినబడుచునే యున్నవి. వచ్చినవారందఱును క్రింద నిలిచి చప్పట్లు కొట్టి పరీక్షించువారే. మొదటి చప్పుడునకు మేము ఆగి లెక్కపెట్టితిమి - ఒకటియే. నాలుగు మెట్లు ఎక్కితిమి. మరల నాలుగు చప్పట్లు. మరల ఆగితిమి. మా వెనుక వచ్చువారు విసుగుకొనిరి. "నీవు కోట చూడడానికి వచ్చావా, చప్పట్లు లెక్కపెట్టడానికి వచ్చావా?" అని వదినెగారు అడిగిరి. కాని ఆమెయు ఆగి లెక్కించుచుండుట మేము చూచితిమి.

ఎట్టకేలకు శిఖరమున మంటపమునకు చేరితిమి. చల్లనిగాలి మొగమునకు కొట్టెను. ఉత్తరముగా కుతుబ్‌షాహీల సమాధుల గుమ్మటములు. పడమట నేటి మేడలు గాజుపలకలవలె మెఱయుచున్నవి. తూర్పున మంచులో మునిగిన పాతనగరము. ఈ కోటను 1687లో ఔరంగజేబు ఎనిమిదినెలలు ముట్టడించెను. ఫిరంగులకు లొంగలేదు. తుదకు లోపలివాడే యొకడు రాత్రివేళ ద్వారము తెఱచెను. శత్రువు జాడ చెప్పు చప్పట్లకు, ఇంటివాని ద్రోహమును చెప్పు విద్య లేకపోయెను గదా యని అనుకొంటిమి. వదినెగారు గోడకానుకొని నిలిచి, తన యూరిని తాను క్రొత్తగా చూచుచుండిరి. ఆమె కన్నులు తడిసినవి. గాలి యనిరి. మేము కాదనలేదు.

అప్పుడు క్రిందినుండి సన్నగా, కాని స్పష్టముగా వినబడినది - మూడు చప్పట్లు. కొంచెమాగి, రెండు.

ఎక్కుటకు ముప్పాతిక గంట పట్టిన మెట్లు ఎట్లు దిగితిమో తెలియదు. మోకాళ్లు వణకుచుండ, ఊపిరాడక మండపము చేరుసరికి చంటిది మా వారి ఒడిలో హాయిగా నిద్రించుచున్నది! మా వారు మమ్ము చూచి, "అప్పుడే వచ్చితిరేమి? నేను కొట్టలేదే" అని ఆశ్చర్యపడిరి. వారి కెదురుగా నాలుగడుగుల దూరమున, గుమ్మటము క్రింద, మా నడిమివాడు రెండుచేతులును ఇంకను కలిపియే నిలిచియున్నాడు.

"నేనే కొట్టాను. వచ్చావుగా!" అనెను.

కోపగింపవలెననుకొంటిమి. నోట మాట రాలేదు. నిన్న బజారులో పదిబారల దూరమునుండి మేము పిలిచిన పిలుపు వానికి వినబడలేదు. నేడు ఇంత కొండకొనకు వాని పిలుపు మాకు వినబడినది. తల్లి వచ్చునో రాదో వాడు పరీక్షించుకొన్నాడు, వచ్చినది. వానికి గోలకొండ అంతే. అంతకుమించిన గోలకొండ మాకును అక్కరలేకపోయినది. కోట వెలుపల చెట్టునీడను పులిహోరయు పెరుగన్నమును తిని, తిన్నగా ఇల్లు చేరితిమి. మా వారు కొండ యెక్కలేదు. ఈ మారు అది వారి వంతు.

ఇట్లు పోదలచిన సోదరీమణులకు మా యనుభవమున తేలిన సంగతులు కొన్ని. పూటకు ఒకటికి మించి చూపవలదు. బిడ్డ ఎచ్చట ఆగునో అచ్చట పెద్దలును ఆగవలయును. మధ్యాహ్నపు నిద్ర మాన్పరాదు. సాలార్‌జంగు ప్రదర్శనశాలకు శుక్రవారమును, జంతుశాలకు సోమవారమును సెలవు. గోలకొండ, చార్మినారులందు పదునైదేండ్లలోపు బిడ్డలకు ప్రవేశరుసుము లేదు. గోలకొండ మెట్లమీద బిడ్డను త్రోయు బండి పనికిరాదు, ఎండకాలమున పోరాదు, నీరు వెంట నుండవలయును. జనసమ్మర్దమున బిడ్డ చేయి ఎవరు పట్టుకొందురో ముందుగానే పైకి చెప్పుకొనవలయును, ఊహతో విడువరాదు. బిడ్డ జేబులో ఫోను సంఖ్య వ్రాసిన చీటి యుంచవలయును. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది: చంటిబిడ్డతో క్రింద కూర్చుండు వంతు ఇల్లాలిదే యని పుట్టుకతో వ్రాసి పెట్టబడలేదు. ఆ వంతును ఇంటిలో మార్చుకొనవలయును. అత్తగారో, వదినెగారో యెన్నేండ్లుగా సంచులు కాచుచున్నారో కూడ ఒకమారు విచారింపవలయును.

సోమవారము ఉదయము మా యింట యథాప్రకారము ఉతుకవలసిన బట్టలు కొండవలె పడియున్నవి. వంటయింటిలో నుండగా పెరటినుండి చప్పుడు వినబడినది. మూడు, కొంచెమాగి, రెండు. పొయ్యి తగ్గించి పోయితిమి. వానికి పనియేమియు లేదు. చూచి నవ్వి, మరల ఆటలో పడినాడు.